"లైట్ వెయిటే బ్రో" అంటే ఎన్ని కిలోలు? సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ అమ్మేవాళ్ళతో ఒక మాట

ఫోన్ బరువు 19 గ్రాములు తగ్గితే మనం హెడ్‌లైన్ చేస్తాం. ఐఫోన్ 14 ప్రో 206 గ్రాములు, 15 ప్రో 187 గ్రాములు. స్టీల్ తీసేసి టైటానియం పెట్టారు కాబట్టి తగ్గిందని అప్పట్లో ఏ రివ్యూ తెరిచినా ఈ లెక్కే. గెలాక్సీ ఎస్24 అల్ట్రా 232 గ్రాముల నుంచి ఎస్25 అల్ట్రాలో 218కి దిగితే దాని మీదా చర్చ నడిచింది. జేబులో పెట్టుకునే వస్తువు విషయంలో ఇంత పట్టింపు ఉన్న జనమే, నాలుగు కిలోల వస్తువుని ఎడమ భుజానికి తగిలించుకుని రెండు మూడు గంటలు నిలబడటానికి కొనేటప్పుడు మాత్రం "లైట్ వెయిట్, గుడ్ కండిషన్" అన్న నాలుగు మాటలు చదివి యూపీఐలో అడ్వాన్స్ పంపేస్తున్నారు.

నేను చెప్పేది సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ల గురించి. గ్యాడ్జెట్ సైట్‌లో గిటార్ గోల ఏంటని అనుకోకండి. ఆన్‌లైన్‌లో పాత వస్తువు కొనడం, అమ్మడం అనే ఆట ఫోన్‌కైనా బేస్‌కైనా ఒకటే. తేడా ఎక్కడంటే, ఫోన్ల మార్కెట్‌లో మనం కొన్ని రూల్స్ నేర్చుకున్నాం. బేస్‌ల మార్కెట్‌లో ఇంకా నేర్చుకోలేదు.

పాత ఐఫోన్ అమ్మేవాడు "బ్యాటరీ బాగానే ఉంది బ్రో" అంటే ఎవరైనా ఊరుకుంటారా? "హెల్త్ ఎంత పర్సెంట్? స్క్రీన్‌షాట్ పెట్టు" అంటారు. 84 అని ఉంటే 84కి తగ్గ రేటు, 97 ఉంటే దానికి తగ్గ రేటు. "బాగానే ఉంది" అన్న మాటకి విలువ లేదు, అంకెకే విలువ. బేస్ గిటార్‌కి బరువు సరిగ్గా అలాంటిదే. వస్తువు కండిషన్‌తో పాటు, దాన్ని మీరు వాడగలరా లేదా తేల్చేది ఆ అంకే. కానీ లిస్టింగులు చూడండి. కలర్ ఉంటుంది, పికప్స్ ఉంటాయి, "స్క్రాచెస్ లేవు" ఉంటుంది, ఫ్రీగా ఇచ్చే కేబుల్ ఫోటో కూడా ఉంటుంది. బరువు దగ్గరికొచ్చేసరికి విశేషణాలు మొదలవుతాయి. లైట్, వెరీ లైట్, నార్మల్, నాట్ టూ హెవీ. చాట్‌లో "అన్నా, వెయిట్ ఎంత ఉంటది?" అని అడిగితే "ఏం లేదు భయ్యా, లైటే" అని జవాబు.

సికింద్రాబాద్‌లో బేస్ వాయించేవాళ్ళకి తక్కువేం లేదు. కంటోన్మెంటు, రైల్వే క్వార్టర్లు, చర్చిలు కలిసి పెరిగిన ఊరు ఇది. ఆదివారం పొద్దున క్లాక్ టవర్ నుంచి లాలాగూడ దాకా వెళ్తే ఏదో ఒక చర్చిలో కీబోర్డు, డ్రమ్స్ కింద ఒక బేస్ మోగుతూ వినిపిస్తుంది. కాలేజీ బ్యాండ్లున్నాయి, పెళ్ళి ఆర్కెస్ట్రాలున్నాయి, ఇళయరాజా పాటల్లో కింద నడిచే ఆ లైన్ విని ఇయర్‌ఫోన్స్‌లోంచి నేరుగా బేస్‌లోకి దూకినవాళ్ళున్నారు. కొత్త బేస్, దానికో చిన్న ఆంప్ అంటే స్టూడెంట్ జేబుకి మించిన పని. అందుకే సెకండ్ హ్యాండ్. మంచి బేస్ బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటుంది, కొనేవాడు మారేడ్‌పల్లిలో ఉంటాడు. మధ్యలో ఉన్నది ఆరు ఫోటోలు, ఒక పేరా.

అదే పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మనం చేసే మొదటి పని ఏంటి? చేత్తో ఎత్తి చూస్తాం. స్పెక్స్ తర్వాత. ఆ ఎత్తి చూసే అవకాశం ఆన్‌లైన్‌లో లేదు కాబట్టి, ఆ పని కొనేవాడి తరఫున అమ్మేవాడు చేసి పెట్టాలి. నా వాదన మొత్తం ఇంతే. అది న్యాయం కూడా, ఎందుకంటే వస్తువు ఉన్నది అతని చేతిలోనే.

మోడల్ పేరు చూస్తే బరువు తెలియదు

ఇక్కడ ఫోన్‌కీ బేస్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. ఫోన్ మోడల్ పేరు చెబితే బరువు చెప్పినట్టే. ప్రపంచంలో ఉన్న ఎస్25 అల్ట్రాలన్నీ 218 గ్రాములే. బేస్ అలా కాదు, అది చెట్టు నుంచి వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సంవత్సరం, పక్కపక్కన తయారైన రెండు బేస్‌ల మధ్య అర కిలో తేడా ఉండటం మామూలు విషయం. చాలా కంపెనీలు తమ సైట్‌లో బరువు రాయకపోవడానికి కారణం ఇదే.

చిన్న లెక్క వేద్దాం. ఒక మామూలు సాలిడ్ బాడీ బేస్‌లో బాడీ కర్ర నాలుగు లీటర్ల ఘనపరిమాణం అనుకుందాం. యాష్ కర్రలో స్వాంప్ యాష్ అనేది తేలిక రకం, లీటరుకి అర కిలో చుట్టుపక్కల తూగుతుంది. అదే యాష్ పేరుతో వచ్చే గట్టి రకం లీటరుకి 670 గ్రాముల దాకా ఉంటుంది. నాలుగు లీటర్లకి తేడా దాదాపు 680 గ్రాములు. స్పెక్ షీట్‌లో రెండింటికీ "యాష్ బాడీ" అనే రాస్తారు. 1970ల నాటి యాష్ బేస్‌లు కొన్ని అంత బరువు ఉండటానికి కారణం ఇక్కడే ఉంది. అటు చివర పౌలోనియా కర్ర ఉంది, లీటరుకి 280 గ్రాములే, బాడీ మొత్తం కిలో పైచిలుకుతో అయిపోతుంది. ఆల్డర్, బాస్‌వుడ్ మధ్యలో వస్తాయి. (బాస్‌వుడ్‌కీ బేస్ గిటార్‌కీ ఇంగ్లీష్ స్పెల్లింగులో తప్ప ఏ చుట్టరికమూ లేదు. "బేస్ కోసం ప్రత్యేకంగా పెంచిన కర్ర" అని రాసిన లిస్టింగ్ ఒకటి ఈ కళ్ళతో చూశాను.)

ఆ తేలిక యాష్ కూడా ఇప్పుడు దొరకడం కష్టమైంది. అమెరికాలో ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు యాష్ చెట్లను తినేస్తోంది, వరదల వల్ల నరకడమూ కష్టమవుతోంది. మామూలు మోడళ్ళలో యాష్ వాడకం తగ్గిస్తున్నామని ఫెండర్ 2020లోనే ప్రకటించింది. కాబట్టి "ఇది పాత స్వాంప్ యాష్, చాలా లైట్" అన్న వాక్యానికి ఈ రోజు డబ్బు విలువ ఉంది. డబ్బు విలువ ఉన్న వాక్యానికి రుజువు అడగడం తప్పు కాదు.

సెకండ్ హ్యాండ్ అన్నాక ఇంకో చిక్కు. పాత ఓనరు బ్రిడ్జ్ మార్చి బరువైన ఇత్తడిది వేసి ఉంటాడు. కీలు మార్చి ఉంటాడు. పికప్ మార్చేటప్పుడు ఆక్టివ్ సర్క్యూట్ పెట్టి ఉంటాడు. ఫ్యాక్టరీ బరువు ఎంతైనా, ఇప్పుడు ఆ బేస్ బరువు వేరు. ఇంటర్నెట్‌లో మోడల్ పేరు కొట్టి, వచ్చిన అంకెని తెచ్చి లిస్టింగులో అతికించడం కంటే ఏమీ రాయకపోవడమే నయం.

పైగా ఆ అంకె చాలాసార్లు బేస్ బరువే కాదు. షాపింగ్ సైట్లలో కనిపించే "ఐటమ్ వెయిట్" కొన్నిసార్లు డబ్బాతో కలిపి ఉంటుంది. గ్యాస్ సిలిండర్ గురించి ఆలోచించండి. లోపల గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే విడిగా రాసి ఉంటుంది. రెండూ కలిపి ఒక అంకె చెప్పి ఊరుకుంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు. బేస్ విషయంలో బ్యాగ్, స్ట్రాప్, డబ్బా కలిపి చెబితే మాత్రం చెల్లిపోతోంది.

ఎవరికి లైట్?

"నేను అయిదేళ్ళుగా వాడుతున్నా, నాకు బరువు అనిపించలేదు" అని అమ్మేవాళ్ళు చెప్పే మాటలో అబద్ధం ఏమీ ఉండకపోవచ్చు. ఎనభై కిలోల మనిషికి 4.2 కిలోల బేస్ తన ఒంటి బరువులో అయిదు శాతం. నలభై అయిదు కిలోల అమ్మాయికి అదే బేస్ తొమ్మిది శాతం పైన. ఒకే వస్తువు, ఇద్దరికీ ఒకే విశేషణం ఎలా సరిపోతుంది?

దీనికి మన దగ్గరే ఒక కొలత ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో స్కూల్ బ్యాగులకి తరగతుల వారీగా బరువు పరిమితి పెట్టింది. ఎనిమిది, తొమ్మిది తరగతులకి నాలుగున్నర కిలోలు, పదో తరగతికి అయిదు. అది కూడా రెండు భుజాల మీద, వీపుకి ఆనించి, ఇంటి నుంచి బడి దాకా మోయడానికి. బేస్ ఒక్క భుజం మీద వేలాడుతుంది, నిలబడి వాయిస్తున్నంత సేపూ దిగదు. మొయ్యడం వేరు, మోస్తూ పని చెయ్యడం వేరు. ఎడమ చెయ్యి ఫ్రెట్ల మీద స్వేచ్ఛగా తిరగాలి కదా.

లాలాగూడలో ఒక కుర్రాడు, డిగ్రీ సెకండియర్, చర్చిలో వాయిస్తాడు. వేరే ఊరి నుంచి ఒక ఐదు తీగల బేస్ తెప్పించుకున్నాడు. లిస్టింగులో ఉన్నది రెండే మాటలు, "కంఫర్టబుల్ వెయిట్". వచ్చాక తూచితే 4.9 కిలోలు. బేస్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు, సౌండ్ అద్భుతం, ఫినిష్ కొత్తదానిలా ఉంది. కానీ రెండు గంటల ఆరాధన అయ్యేసరికి మెడ దగ్గర నుంచి భుజం దాకా మొద్దుబారినట్టు అవుతోందంటాడు. ఇప్పుడు స్టూల్ వేసుకుని కూర్చుని వాయిస్తున్నాడు. తిరిగి అమ్ముదామంటే మళ్ళీ కొరియర్ ఖర్చు, మళ్ళీ బేరం. అమ్మినవాడు మోసగాడని నేను అనను. అతనికి అది కంఫర్టబులే అయ్యుండొచ్చు. ఆ మాట స్థానంలో ఒక అంకె ఉంటే ఈ కుర్రాడు ఆ బేస్ జోలికి వెళ్ళేవాడు కాదు, అది తన సైజుకి తగిన మనిషి దగ్గరికి వెళ్ళేది.

ఒకే మాట, వేర్వేరు బరువులు అనే గోల మనకి కొత్త కాదులెండి. మన తాతల కాలంలో మణుగు అనే తూకం ఉండేది. మద్రాసు మణుగు పాతిక పౌండ్లు, అంటే 11.3 కిలోలు. బెంగాల్ మణుగు 37.3 కిలోలు. పేరు ఒకటే, బరువు మూడింతలు. 1958 నుంచి దేశంలో దశలవారీగా కిలోలు తెచ్చింది ఇలాంటి గోల పోవాలనే. మోండా మార్కెట్‌లో పావుకిలో కాకరకాయలకి కూడా ఎలక్ట్రానిక్ కాటా మీద అంకె చూసి డబ్బులిచ్చే మనం, పాతిక వేల బేస్‌కి మాత్రం మళ్ళీ మణుగుల కాలానికి వెళ్తున్నాం.

అంకె చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. గిటార్ల ప్రపంచంలో పౌండ్ల వాడకం ఎక్కువ. ఒక పౌండుకి 16 ఔన్సులు. "8.12 పౌండ్లు" అని ఒకరు రాస్తారు. అది దశాంశమా, లేక 8 పౌండ్ల 12 ఔన్సులా? మొదటిదైతే 3.68 కిలోలు. రెండోదైతే 3.97 కిలోలు. ఆ ఒక్క చుక్క దగ్గర 290 గ్రాముల తేడా, ఒక ఎస్25 అల్ట్రా కన్నా ఎక్కువ. మనం ఉన్నది ఇండియాలో, కిలోల్లో రాయండి, అయిపోతుంది.

ఇంతకీ ఎంతైతే లైట్ అనొచ్చు? నాలుగు తీగల, 34 అంగుళాల మామూలు బేస్‌కి నేను వేసుకున్న గీతలు చెబుతాను. 3.6 కిలోల లోపు ఉంటే లైట్ అనడానికి హక్కుంది. 4.1 దాకా మామూలు. 4.5 దాకా బరువే. అది దాటితే కొనేవాడికి ముందే గట్టిగా చెప్పాల్సినంత బరువు. ఇవి గుండ్రంగా ఎనిమిది, తొమ్మిది, పది పౌండ్ల దగ్గర పడతాయి. ఐదు తీగలకి ఇంకో కాలు కిలో కలుపుకోండి. మీ గీతలు వేరేగా ఉండొచ్చు, దానితో నాకు పేచీ లేదు. అంకె ఉంటే ఎవరి గీత వాళ్ళు గీసుకుంటారు.

బరువు చెప్పి బ్యాలెన్స్ దాచొద్దు

ఇప్పుడు నా వాదనకి ఎదురు మాట ఒకటి ఉంది, అది బలమైనదే. సీనియర్ ప్లేయర్లని అడిగితే "బరువు కాదు తమ్ముడూ, బ్యాలెన్స్ చూడు" అంటారు. నిజం. 3.5 కిలోల బేస్ కూడా చేతులు వదలగానే మెడ నేల వైపు దూకితే, దాన్ని ఎడమ చేత్తో మోస్తూ వాయించాలి. దానికంటే నిలకడగా వేలాడే 4.2 కిలోల బేస్ హాయి.

ఇది ఎందుకు జరుగుతుందో ఫిజిక్స్ చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు, సీ-సా లెక్క. స్ట్రాప్ బటన్ బాడీ పై కొమ్ము చివర ఉంటుంది. ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో ఆ కొమ్ము పొడవుగా, పన్నెండో ఫ్రెట్ దగ్గరికి వస్తుంది. అందుకే అది చాలావరకు నిలబడుతుంది. కొమ్ము పొట్టిగా ఉన్న డిజైన్లలో, గిబ్సన్ ఈబీ, థండర్‌బర్డ్ లాంటివాటిలో, మెడ కిందికి వాలడం పేరుమోసిన సమస్య. మెడ చివర ఉన్న కీలు బరువైనవైతే ఇంకా ఎక్కువ. తేలికపాటి కీలు వేస్తే తగ్గేది గ్రాముల్లోనే, కానీ అవి చివర్లో ఉన్న గ్రాములు కాబట్టి గట్టిగా తెలుస్తాయి. హెడ్‌స్టాకే లేని స్టైన్‌బర్గర్ తరహా బేస్‌లు పుట్టడం వెనక ఇది కూడా ఉంది.

ఇంకో సంగతి. బాడీ తేలికైన కొద్దీ మెడ వాలే అవకాశం పెరుగుతుంది. అంటే "వెరీ లైట్" అన్న గొప్ప ఒక్కోసారి సమస్యకి ముసుగు. అందుకే బరువు అనవసరం అనే వాదనని నేను ఒప్పుకోను, బరువుతో పాటు బ్యాలెన్స్ కూడా చెప్పండి అంటాను. దానికి మాటలు కూడా అక్కర్లేదు. స్ట్రాప్ వేసుకుని నిలబడి, రెండు చేతులూ వదిలి, అయిదు సెకన్ల వీడియో తీసి పెట్టండి. మెడ నిలబడిందా, అడ్డంగా వాలిందా, కిందికి జారిందా, చూసేవాడికే తెలుస్తుంది. స్ట్రాప్ నున్నటి నైలాన్‌దా, గరుకు లెదర్‌దా అన్నది కూడా ఒక మాట చెబితే ఇంకా మంచిది. గరుకు స్ట్రాప్ కొంత వాలుని దాచేస్తుంది.

రెండో ఎదురు మాట: "బరువైన బేస్‌కే సౌండ్ బాగుంటుంది." దీనికి నా దగ్గర పెద్ద ఓపిక లేదు. పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ వయొలిన్ బేస్ లోపల బోలుగా ఉంటుంది, ఆ రకం బేస్‌లు రెండున్నర కిలోల లోపే తూగుతాయి. 1972లో దొంగతనానికి గురైన ఆ బేస్ దొరికిందని 2024లో ప్రకటిస్తే ప్రపంచమంతా వార్త అయింది. దాని సౌండ్ పల్చగా ఉందని ఎవరూ బాధపడలేదు. బరువైన బేస్ ఇష్టపడేవాళ్ళు ఉన్నారు, ఉండనివ్వండి. వాళ్ళకి కూడా అంకె కావాలిగా! 4.8 కిలోలు అని నిజాయితీగా రాస్తే, అదే కావాలనుకునేవాడు వెతుక్కుంటూ వస్తాడు.

అమ్మేవాళ్ళ అసలు భయం వేరే. బరువు రాస్తే బేరం పడిపోతుందని. "4.6 అంటున్నావు కదా బ్రో, ఒక మూడు వేలు తగ్గించు" అంటారని. అంటారు, నిజమే. కానీ బ్యాటరీ హెల్త్ 84 అని రాసినా తగ్గించమనే అంటారు. దానికి మనం అలవాటు పడ్డాం, రేటు ముందే దానికి తగ్గట్టు పెడుతున్నాం. అమెరికాలో స్వీట్‌వాటర్ అనే పెద్ద షాపు ఆన్‌లైన్‌లో చాలా గిటార్లకి విడివిడిగా ఫోటోలు, సీరియల్ నంబరు, బరువు పెడుతుంది. ఒకే మోడల్ పది ఉంటే పదింటికీ పది బరువులు. దాంతో బరువైనవి అమ్ముడుపోకుండా షాపులో మిగిలిపోలేదు. ఎవరికి కావాల్సింది వాళ్ళు ఎంచుకుంటున్నారు.

తూచడం ఎలా

ఇది చాలా చిన్న పని. సూట్‌కేసులు తూచే చేతి కాటా ఉంటుంది, కొక్కెం ఉన్నది, కొన్ని వందల రూపాయలు. ఫారిన్ ప్రయాణాలు చేసే ఇళ్ళల్లో ఇది ఎలాగూ ఉంటుంది, లేకపోతే పక్కింట్లో అడగండి. బేస్‌ని బ్యాగులో పెట్టి హ్యాండిల్‌కి కొక్కెం తగిలించి ఒకసారి, ఖాళీ బ్యాగ్ ఒకసారి. తీసివేస్తే బేస్ బరువు. బేస్‌ని నేరుగా కీల దగ్గర పట్టి వేలాడదీయకండి, ఏది చేసినా మంచం మీద పరుపు పైన చేయండి. కాటా మీద అనుమానం ఉంటే సీల్ తీయని అయిదు కిలోల గోధుమపిండి ప్యాకెట్ తగిలించి చూడండి. 3.87 అని చూపిస్తే 3.9 అని రాసినా చాలు, గ్రాముల దాకా పట్టింపు ఎవరికీ లేదు.

బాత్రూమ్ కాటా అయితే బేస్ పట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి ఎక్కాలి. ఇవి సాధారణంగా వంద గ్రాముల మెట్లలో చూపిస్తాయి కాబట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. మూడుసార్లు ఎక్కి దిగండి. "బాత్రూమ్ కాటా మీద సుమారు 4.1" అని రాయండి. ఎలా తూచారో చెబితే ఆ అంకె మీద ఎంత నమ్మకం పెట్టాలో చదివేవాడే చూసుకుంటాడు. ఫోటో పెట్టేటట్టయితే కాటా అంకె, బేస్ ఒకే ఫ్రేములో ఉండాలి. అంకె ఒక్కటే ఉన్న ఫోటో మీ ఇంట్లో బియ్యం బస్తాది కూడా కావచ్చు.

లిస్టింగులో ఇంత రాస్తే చాలు: "బరువు 4.1 కిలోలు, లగేజీ కాటా మీద, బ్యాగ్, స్ట్రాప్ లేకుండా. బ్యాగుతో 5.4. లెదర్ స్ట్రాప్ మీద చేతులు వదిలితే మెడ కొద్దిగా వాలుతుంది, వీడియో చూడండి. బ్రిడ్జ్ మార్చింది, ఒరిజినల్‌ది కూడా ఇస్తాను." ఇలాంటి లిస్టింగ్ చూస్తే రేటు కొంచెం ఎక్కువున్నా నేను ముందు అతనికే ఫోన్ చేస్తాను. బరువు తూచి రాసినవాడు మెడ వంకర సంగతి కూడా దాచడనిపిస్తుంది.

బ్యాగుతో బరువు విడిగా ఎందుకంటే, మన ఊళ్ళో బేస్ ఎక్కువ సేపు ఉండేది వీపు మీదే. నాగోల్ వైపు నుంచి వచ్చి పరేడ్ గ్రౌండ్‌లో దిగి, స్కైవాక్ మీదుగా గ్రీన్ లైన్‌కి మారి చిక్కడపల్లిలో రిహార్సల్‌కి వెళ్ళేవాడిని అడగండి, బ్యాగు బరువు లెక్కలోకి వస్తుందో రాదో. గట్టి పెట్టె అయితే అదే నాలుగైదు కిలోలు ఉంటుంది, బేస్ కన్నా ఎక్కువ. విమానంలో డొమెస్టిక్ ఎకానమీ టికెట్‌కి మామూలుగా ఇచ్చే చెక్-ఇన్ పదిహేను కిలోల్లో ఆ రెండే తొమ్మిది తినేస్తాయి.

కొరియర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే లిస్టింగుల్లో "15 కిలోలు" అన్న వింత అంకెలు వచ్చేది అక్కడి నుంచే. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. 125, 40, 15 సైజు డబ్బా అయితే సరిగ్గా 15 కిలోలు వస్తుంది. లోపల ఉన్నది నాలుగు కిలోల బేసే అయినా ఛార్జ్ పదిహేనుకి. ఆ స్లిప్పులో ఉన్నది డబ్బా ఆక్రమించే చోటుకి వేసిన రేటు, దాన్ని బేస్ బరువు అని రాయకండి. కొనేవాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. బేస్ లైట్ అయినంత మాత్రాన కొరియర్ తగ్గదు, డబ్బా సన్నగా ఉంటే తగ్గుతుంది.

కొనేవాళ్ళకి ఇంకొక్కటి. "వెయిట్ ఎంత?" అని అడగకండి, దానికి "లైటే" అనే జవాబు వస్తుంది. "కాటా మీద పెట్టి ఒక ఫోటో పంపిస్తారా అన్నా, అడ్వాన్స్ ఆ తర్వాత వేస్తా" అనండి. పంపేవాళ్ళు పదినిమిషాల్లో పంపుతారు. కాటా లేదంటే వీధి చివర కిరాణా కొట్టు ఉంది. ఎలక్ట్రానిక్ కాటా మీద బేస్ నిలబడదు కాబట్టి ముందు ఖాళీ అట్టపెట్టె పెట్టి, సున్నా చేయమని చెప్పి, దాని మీద పడుకోబెట్టాలి. మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు గిరాకీ ఉండదు, కొట్టాయన సరదాగానే తూచి పెడతాడు. కాకపోతే తూచాక ఒక పాట వాయించమంటాడు, ఆంప్ లేకుండా అది వినపడదని ఆయనకి నచ్చజెప్పడానికి కాస్త టైమ్ పడుతుంది.